నెలకొకసారే తాగుతాడు కదా, అందులో ప్రమాదమేముంది?

మీ తమ్ముడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడనీ, రోజూ తాగే అలవాటు లేదనీ, నెలకొకసారి స్నేహితులతో కూర్చున్నప్పుడు మాత్రం లెక్కాపత్రం లేకుండా తాగుతాడనీ, దీన్ని వ్యసనంగా భావించాలా అనీ అడిగారు. వ్యసనమా కాదా అన్నది తర్వాతి మాట. ఒక్క రాత్రి తాగుడే ప్రాణం మీదికి తేగలదని నేను మా హాస్టల్ గదిలోనే చూశాను. ఆ రాత్రి జరిగిన తప్పుల్లో నా వంతూ ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అది సెమిస్టర్ చివరి పరీక్ష ముగిసిన రోజు. కాలేజీ ఊరికి దూరం కావడంతో వైన్ షాపుకు వెళ్లి రావడమే పెద్ద పని. అంత కష్టపడి తెచ్చినదాన్ని తెల్లవారేలోగా మిగల్చకూడదన్న పంతం మా అందరిలోనూ ఉండేది. నా గదిలో ఉండే మిత్రుడు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. మొదటి క్వార్టర్ విస్కీని సోడాతో గంటలో ముగించాడు. ఆ తర్వాత ఎవరో పందెం కట్టడంతో రెండో క్వార్టర్‌ను చుక్క నీరు కలపకుండా నాలుగైదు గుక్కల్లో ఖాళీ చేశాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మన దగ్గర అమ్మే విస్కీలో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం ఉంటుంది. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు కాబట్టి అందులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉన్నట్టు. అమెరికాలో 14 గ్రాములను ఒక డ్రింకుగా లెక్కగట్టి, సుమారు రెండు గంటల్లో మగవారు ఐదు, ఆడవారు నాలుగు డ్రింకులు తాగితే ప్రమాదకరమైన అతి తాగుడుగా పరిగణిస్తారు. మన కుర్రాళ్లు ‘క్వార్టరే కదా’ అని తేలిగ్గా తీసుకునేది ఆ హద్దు దరిదాపుల్లోనే ఉంది. కాలేయమేమో గంటకు దాదాపు ఒక డ్రింకును మాత్రమే వదిలించగలదు. స్నానం చేయించినా, కాఫీ పట్టించినా ఆ వేగం పెరగదు.

పదిన్నర ప్రాంతంలో అతడు మాట తడబడి మంచం మీద వాలిపోయాడు. మేము వెల్లకిలా పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ‘పడుకోనీ, పొద్దున్నకు దిగిపోతుంది’ అనుకున్నాం. నా ఉద్దేశంలో హాస్టళ్లలో వినిపించే మాటలన్నిటిలోనూ ఇంతకంటే ప్రమాదకరమైనది లేదు. మనిషి నిద్రపోయాక కూడా కడుపులోని మద్యం రక్తంలోకి చేరుతూనే ఉంటుంది కాబట్టి, పడుకున్నప్పటి కంటే గంట తర్వాత పరిస్థితి మరింత విషమించవచ్చు. గొంతులో ఏదైనా అడ్డుపడితే దగ్గి బయటికి నెట్టే సహజ రక్షణ కూడా ఆ మత్తులో మందగిస్తుంది. ఒంటి గంటకు గరగరమన్న శబ్దం విని లైటు వేస్తే, వాంతి నోటి నిండా ఉంది, పెదవులు నీలి రంగుకు తిరిగాయి, ఒళ్లు చల్లగా ఉంది.

వార్డెన్‌కు తెలుస్తుందన్న భయంతో నేను తలుపు గడియ వేసి, అతణ్ని కూర్చోబెట్టి నిమ్మకాయ పిండిన మజ్జిగ తాగించబోయాను. స్పృహ లేనివాడి నోట్లో ఏది పోసినా అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని నాకు అప్పటికి తెలియదు. అలికిడికి పక్క గది సీనియర్ తలుపు బాది లోపలికి వచ్చి, నా చేతిలోని గ్లాసు లాక్కుని, అతణ్ని ఎడమ పక్కకు తిప్పి, నోరు శుభ్రం చేసి, 108కి ఫోన్ చేయించాడు. ఆసుపత్రిలో చూస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉంది. ఖాళీ కడుపుతో తాగినవారిలో ఇలా జరుగుతుందట. వాంతి కొంత ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా రావడంతో వారం రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది.

మీ తమ్ముడికి ‘తాగొద్దు’ అని ఎలాగూ చెబుతారు, చెప్పాలి కూడా. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మడమే నేరం. అయితే దానితో ఆగకండి. పిలిచినా గిచ్చినా లేవకపోవడం, శ్వాస నిమిషానికి ఎనిమిది సార్ల కంటే తగ్గడం, ఒక శ్వాసకూ మరో శ్వాసకూ మధ్య పది సెకన్లకు మించి విరామం రావడం, మత్తులోనే వాంతి చేసుకోవడం, ఒళ్లు చల్లబడి నీలంగా మారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది నిద్ర కాదని అతడికీ అతడి స్నేహితులకూ విడమర్చి చెప్పండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. వార్డెన్ తిట్లు, ఇంటికి వెళ్లే ఉత్తరం, ఇవన్నీ తెల్లవారాక చూసుకోవచ్చు. ‘నా కెపాసిటీ నాకు తెలుసు’ అన్న మాటను మాత్రం నమ్మకండి. మా వాడు రెండో క్వార్టర్ ఎత్తే ముందు అన్నది అదే.

అతడికి పందెం నుంచి ఆసుపత్రి దాకా ఏమీ గుర్తు లేదు. కలిసినప్పుడల్లా ఆ రాత్రి సంగతి నన్నే అడిగి తెలుసుకునేవాడు. గడియ వేసింది నేనేనని చెప్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది.