గుడి మీద పిడుగు పడితే శాంతి చేయించాలా, ఎర్తింగ్ చూడాలా?

మీరు అడిగింది ఇదీ: ఊరి శివాలయం శిఖరం మీద పిడుగు పడి కలశం వంగిపోయింది, మైకు సెట్ కాలిపోయింది. అదే వారంలో పొలంలో చింతచెట్టు కింద వాన తప్పించుకుంటున్న ఐదుగురు కూలీల్లో ఒక్కడే చనిపోయాడు. దేవుడు ఆగ్రహించాడని ఊరి పెద్దలు, పోయినవాడు ఏదో పాపం చేసి ఉంటాడని పక్కవాళ్లు అంటున్నారు. ఇందులో నిజంగా దైవ సందేశం ఉందా, శాంతి చేయించాలా?

గుళ్లకీ బడులకీ పిడుగు కడ్డీలు బిగించే పని నాది. పడ్డ చోటు చూడకుండా ఆ పని జరగదు. దేవుడు ఉన్నాడా లేడా అన్న జోలికి నేను పోను. కానీ 'వాడే ఎందుకు పోయాడు?' అన్నదానికి జవాబు చాలాసార్లు ఆ నేల మీదే రాసి ఉంటుంది.

ముందు ఆ చింతచెట్టు దగ్గరికి వెళ్లి మాను చూడండి. పైకొమ్మ నుంచి వేరు దాకా బెరడు ఒక పట్టీలా లేచిపోయి, లోపలి కర్ర తెల్లగా కనబడుతుంది. బెరడు కింది తడి ఒక్క క్షణంలో ఆవిరైపోయి బెరడును పేల్చేసిన గుర్తు అది. పిడుగు దారిలో గాలి సుమారు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది, సూర్యుడి ఉపరితలం కన్నా ఐదు రెట్లు. ఇప్పుడు మొదలు దగ్గర కూర్చుని మట్టి చూడండి. నాగలితో గీసినట్టు ఒకటో రెండో చాళ్లు మాను నుంచి బయటికి పోయి ఉండవచ్చు. కరెంటు నేలలోకి పాకిన దారులవి. పోయిన మనిషి ఎక్కడ నిలబడ్డాడో మిగతా నలుగురిని అడగండి. మానుకు ఆనుకుని ఉండటమో, ఆ చాలు పోయిన వైపు కాళ్లు ఎడంగా పెట్టి ఉండటమో బయటపడుతుంది.

నేరుగా నెత్తిన పిడుగు పడి చచ్చిపోయేవాళ్లు బహు తక్కువ, మొత్తం మరణాల్లో 3 నుంచి 5 శాతమే. దాదాపు సగం మందిని చంపేది నేలలో పాకే కరెంటు. మరో మూడో వంతు మంది, చెట్టులోంచో స్తంభంలోంచో పక్కకు దూకిన కరెంటు వల్ల పోతారు. పచ్చి మాను కన్నా మనిషి ఒంట్లో కరెంటుకు అడ్డు తక్కువ. అందుకే మాను దాకా వచ్చిన కరెంటు సులువైన దారి చూసుకుని మనిషిలోకి దూకుతుంది. రెండు పాదాల మధ్య ఎడం పెరిగినకొద్దీ వాటి మధ్య వోల్టేజీ తేడా పెరుగుతుంది. పశువులకైతే ముందుకాళ్లకీ వెనక్కాళ్లకీ మధ్య ఎడం ఎక్కువ, మధ్యలో గుండె. అందుకే గొర్రెల మంద మొత్తం ఒక్కసారి పడిపోయినా, పక్కనే ఉన్న కాపరి బతికి బయటపడవచ్చు. 2016 ఆగస్టులో నార్వేలోని హర్దంగర్‌విద్దా పీఠభూమి మీద 323 రెయిన్‌డీర్లు ఒకే తుపాను వానలో ఇలాగే పోయాయి. వాటి పాపం ఏమిటి?

జనం గుర్తులుగా చూపించే మిగతావి కూడా ఇలాంటివే. బతికి బయటపడ్డవాళ్ల ఒంటి మీద ఒక్కోసారి ఫెర్న్ ఆకు ముద్ర వేసినట్టు ఎర్రటి కొమ్మల గీతలు వస్తాయి. కొందరు అందులో నాగేంద్రుణ్ణి చూస్తారు. కరెంటు చర్మం మీదుగా చీలుతూ పోయిన జాడ అది. కాలిన గాయం కాదు, ఒకట్రెండు రోజుల్లో దానంతట అదే మాసిపోతుంది. బట్టలు చీలికలైపోయి, చెప్పులు ఎగిరి దూరంగా పడితే గాలీ ధూళీ సోకిందంటారు. చెమట, వాన తడి ఒక్కసారిగా ఆవిరై పేల్చేస్తే అలాగే అవుతుంది. 'ఇల్లంతా కాలింది, దేవుడి పటం మాత్రం చెక్కుచెదరలేదు' అన్నది ఇంకోటి. ఇంట్లోకి వచ్చిన కరెంటు వైరింగ్ వెంట పోతుంది. మీటరు పేలుతుంది, స్విచ్‌బోర్డు నల్లబడుతుంది. ఎదుటి గోడకు మేకుతో వేలాడే పటానికి ఏమీ కాదు, దాని పక్కన ఉన్న సినిమా క్యాలెండర్‌కీ ఏమీ కాదు. క్యాలెండర్ సంగతి ఎవరూ చెప్పరంతే.

ఇక గుడి. మేఘంలోంచి దిగే పిడుగు యాభయ్యేసి మీటర్ల అంగలు వేసుకుంటూ వస్తుంది. నేల ఇంకా ఎంతో దూరం ఉండగా దాని దారి తేలదు. చివరి అంగలో ఎత్తయిన మొనల నుంచి పైకి లేచే విద్యుత్ తంతువుల్లో ఏది ముందు కలిస్తే దాని మీద పడుతుంది. ఊరంతటికీ శిఖరమే ఎత్తయినప్పుడు, దాని మీద రాగి మొన ఉన్నప్పుడు అక్కడ పడకపోతేనే ఆశ్చర్యపోవాలి. రియో డి జనీరోలో కొండ మీది క్రీస్తు విగ్రహం మీద ఏటా పడుతూనే ఉంటాయి. 2014 జనవరిలో కుడిచేతి బొటనవేలి కొన విరిగింది. పోప్ బెనెడిక్ట్ 16 రాజీనామా ప్రకటించిన 2013 ఫిబ్రవరి 11న వాటికన్ గోపురం మీద పడితే ప్రపంచమంతా శకునం అంది. ఆ గోపురం మీద పిడుగు కడ్డీ ఉంది.

మన దగ్గరిదే ఒక జంట చూడండి. 2021 జూలై 11న జైపూర్ దగ్గర ఆమేర్ కోట ఎదుటి గుట్ట మీది బురుజు మీద పిడుగు పడి కనీసం 11 మంది పోయారు. వానలో సెల్ఫీలు దిగడానికి ఎక్కినవాళ్లే చాలామంది. సరిగ్గా రెండు రోజులకు, జూలై 13న ద్వారకలో ద్వారకాధీశ మందిరం ధ్వజం మీద పడింది. జెండా చిరిగింది, ఎవరికీ ఏమీ కాలేదు. కృష్ణుడు పిడుగును తన మీద వేసుకుని ఊరిని కాపాడాడన్నారు. అలాగే గుడి మీద పడ్డ పిడుగును మీ ఊళ్లో ఆగ్రహం అంటున్నారు. జరిగిన సంగతి ఒకటే, అర్థం మాత్రం చెప్పేవాడి మనసును బట్టి మారుతుంది.

ఈ గొడవ పెద్దవాళ్ల మధ్యా నడిచింది. 1934 జనవరి 15న బిహార్ భూకంపం వచ్చినప్పుడు, అంటరానితనం పాపానికి ఇది దేవుడి శిక్ష అని గాంధీ అన్నారు. ప్రకృతి ఉత్పాతాలకు కారణాలు ప్రకృతిలోనే ఉంటాయని రవీంద్రనాథ్ ఠాగూర్ ఖండిస్తూ రాశారు. గాంధీ ప్రత్యర్థులు తిప్పి ఆయన్నే ఈ ఆగ్రహానికి కారకుడన్నా తనకు ఆశ్చర్యం ఉండదని కూడా అన్నారు. ఆ లేఖను గాంధీయే తన హరిజన్ పత్రికలో వేసి, తన మాట మీద తాను నిలబడ్డారు. గాంధీ ఉద్దేశం మంచిదే. అయినా ఈ విషయంలో నా ఓటు ఠాగూర్‌కే.

ఎందుకంటే దివిసీమ ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. 1990 మే నెలలో అదే కృష్ణా డెల్టా మీదికి దాదాపు అంతటి బలమైన తుపానే వచ్చింది, మరణాలు వెయ్యికి లోపు. ఆ పదమూడేళ్లలో కోస్తా జనం పుణ్యాత్ములైపోలేదు. హెచ్చరికలు ముందే అందాయి, లక్షమందికి పైగా జనాన్ని తీరం నుంచి తరలించారు.

శాంతి చేయించుకోండి, ఎవరూ వద్దనరు. ఊరి మనసు కుదుటపడటం కూడా అవసరమే. కానీ దానికి వసూలు చేసే చందాల్లోంచే ఈ పని కూడా చేయించండి. కలశం కన్నా ఎత్తుగా ఇంకేదీ ఉండకూడదని అర్చకస్వాములు అంటారు కదా, అక్కర్లేదు. కలశం లోపలి లోహపు కడ్డీకే 25×3 మి.మీ. రాగి పట్టీ బిగించి, శిఖరానికి ఎదురెదురు వైపుల రెండు పట్టీలు కిందికి దించాలి. ఒక్కటి చాలదు, ఒకటి తెగితే రెండోది ఉండాలి. పట్టీ వీలైనంత నిటారుగా దిగాలి. విగ్రహాల చుట్టూ, చూరు చుట్టూ మెలికలు తిప్పితే, కరెంటు మెలిక వెంట పోకుండా అడ్డంగా దూకి సున్నపు పని పగలగొడుతుంది. వంపు ఎక్కడ వచ్చినా గుండ్రంగా రావాలి. ఒక్కో పట్టీ కింద 3 మీటర్ల రాగిపూత ఎర్త్ రాడ్ దిగ్గొట్టి, రెండింటినీ నేలలో కలపాలి. నేల కరెంటుకు ఎంత అడ్డు పెడుతుందో ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే 10 ఓమ్‌ల లోపు రావాలి. కొలవడానికి విడదీసే క్లాంపు ఒకటి నేల నుంచి మీటరు ఎత్తున పెట్టించండి.

ఎక్కడ చెడుతుందంటే, ముందుగా ఎర్త్ పిట్ దగ్గర. బొగ్గూ ఉప్పూ వేసిన గుంత ఎండాకాలంలో ఎండిపోయి, 10 ఓమ్‌లు ఉండాల్సింది ఎన్నో రెట్లవుతుంది. మనకు పిడుగులు ఎక్కువగా పడేదేమో ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మధ్యాహ్నం రెండు దాటాక. అంటే నేల బాగా ఎండినప్పుడే. కాబట్టి మార్చిలో కొలిపించి నీళ్లు పోయించండి. రెండోది, కుంభాభిషేకం ముందు రంగులు వేసేవాళ్లు పట్టీని ఊడదీసి మళ్లీ బిగించకపోవడం. మూడోది దొంగతనం. రాగి కదా, చేతికందే ఎత్తు వరకు మాయమవుతుంది. కింది రెండున్నర మీటర్లు పీవీసీ పైపులో పెట్టి గోడకు బిగిస్తే దొంగకీ అందదు, ఆనుకుని కూర్చునే భక్తులకూ ప్రమాదం తగ్గుతుంది. ఉరుముతున్నప్పుడు ఆ పట్టీకి మూడు మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు. రాగి పట్టీని ఇనప పట్టీకి నేరుగా అతికితే జాయింటు దగ్గర తుప్పు తినేస్తుంది, మధ్యలో రెండు లోహాలను కలిపే బైమెటాలిక్ క్లాంపు కావాలి.

మీ మైకు సెట్ కాలిపోవడానికి కారణం శిఖరానికి కట్టిన హారన్ స్పీకర్లు. పిడుగుకు అందిన మంచి దారి ఆ వైరే. స్పీకర్లూ సీరియల్ బల్బులూ శిఖరం మీంచి తీసేయండి. మెయిన్ బోర్డులో, ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని నేలలోకి మళ్లించే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించి, దాని ఎర్త్‌ను ఈ ఎర్త్‌తో కలపండి. ధ్వజస్తంభం ఇత్తడి తొడుగు కింద రాతి పీఠం దగ్గరే ఆగిపోతుంది, దానికీ విడిగా పట్టీ కావాలి. ఒకే కడ్డీ పెడితే చుట్టూ వంద మీటర్లు భద్రం అని అమ్మే ఖరీదైన కడ్డీల జోలికి పోవద్దు. పిడుగు రక్షణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 62305 ఆ లెక్క ఒప్పుకోదు.

పొలంలో ఉన్నవాళ్ల సంగతి వేరు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అన్నిటికీ చిరునామా రాసి పంపడం ఎవరికైనా కష్టమే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో దేశంలో 2,887 మంది పిడుగుపాటుకు పోయారు. పోయేవాళ్లలో రైతులు, కూలీలు, కాపరులే ఎక్కువ. కల్లంలో ధాన్యం మీద బరకం కప్పడానికి పరుగెత్తేది వాళ్లే కదా. మెరుపు కనబడ్డాక సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు ఉరుము వినబడిందంటే పిడుగు మీ నెత్తి మీదికి రాగలిగే దూరంలో ఉన్నట్టే. శ్లాబ్ ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లండి. పూరిపాక, రేకుల పందిరి, ఆటో, ట్రాక్టరు పనికిరావు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. అర్జునా ఫల్గుణా అనుకోవాలనిపిస్తే అనుకోండి, కానీ అరుగు మీద కాదు, లోపల. సెల్‌ఫోన్ పిడుగును లాగదు. పైగా పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ అందులో వేసుకుంటే 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే చెబుతుంది.

పిడుగు తగిలినవాడి ఒంట్లో కరెంటు నిలవ ఉండదు, వెంటనే ముట్టుకోవచ్చు. పేడకుప్పలో పాతిపెట్టడం, మట్టి కప్పడం చేస్తే మెదడు దెబ్బతినకముందు చేతిలో ఉన్న నాలుగు నిమిషాలూ పోతాయి. ఆగిన గుండె చాలాసార్లు మళ్లీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది గానీ శ్వాస రావడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ గాలి అందకే గుండె రెండోసారి ఆగుతుంది. ఛాతీ మధ్యలో ఐదు సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి, ప్రతి ముప్పైకి రెండుసార్లు నోటితో ఊపిరి ఊదండి, 108కి ఫోన్ చేయించండి. నలుగురు పడి ఉంటే మూలుగుతున్నవాళ్లను వదిలి, చచ్చినట్టున్నవాడి దగ్గరికే ముందు పోవాలి. మిగతా ప్రమాదాల్లో చేసేదానికి ఇది పూర్తిగా తలకిందులు.

పోయిన కూలీ ఇంటివాళ్లకు ఒకటి చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో పిడుగుపాటు మరణానికి ప్రభుత్వం 4 లక్షల పరిహారం ఇస్తుంది. దానికి ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, తహసీల్దారు విచారణ కావాలి. దైవ నిర్ణయం అనుకుని పోలీసులకు చెప్పకుండా దహనం చేసేస్తే ఈ కాగితాలేవీ ఉండవు. ఇప్పటికే అంత్యక్రియలు అయిపోయి ఉంటే, వీఆర్వో పంచనామా, చెట్టు ఫోటోలు, పక్కనున్న నలుగురి వాంగ్మూలాలతో ఆలస్యం చేయకుండా తహసీల్దారుకు అర్జీ పెట్టించండి. గొర్రెలూ గేదెలూ పోతే పశువైద్యుడి ధ్రువీకరణ రాకముందే పూడ్చిపెట్టవద్దు.