అంత్యక్రియల తర్వాత మిగిలిన పూలు ఏం చేయాలి?

అమెరికాకు కొత్తగా వచ్చిన మన వరంగల్, కరీంనగర్, జగిత్యాల పిల్లల ఇళ్లలో ఎవరైనా పోతే పంతులు గారి గురించి, సర్టిఫికెట్ల గురించి, అస్థికల గురించి అన్నీ ముందే అడుగుతారు. పూల సంగతి మాత్రం క్రిమేషన్ అయిపోయాక గాభరాగా ఫోన్ చేసి అడుగుతారు, "అన్నా, ఇన్ని పూలు మిగిలినయ్, ఏం చెయ్యాలె?" అని.

మన దగ్గర ఈ సందేహమే రాదు. దండలు పాడెతో పాటే పోతాయి, దారి పొడవునా పేలాలు, చిల్లర, బుక్కగులాల్‌తో పాటు చల్లిన పూలు మట్టిలో కలుస్తాయి. ఇక్కడ అట్లా కాదు. ఆఫీసువాళ్లు, పక్కింటివాళ్లు, పిల్లల స్కూల్ వాళ్లు ఎవరికి వాళ్లు పంపిస్తారు, తీగ స్టాండ్ల మీద మనిషెత్తు పూలచక్రాలు, బుట్టలు, కుండీల్లో మొక్కలు హాలు నిండా ఉంటాయి, అంతా అయ్యాక ఫ్యూనరల్ హోమ్ మనిషి వచ్చి "ఇవి తీసుకెళ్తారా?" అంటాడు. ఏడ్చి ఏడ్చి ఉన్నవాళ్లకు ఆ టైంలో ఏం తోస్తుంది? ఒకరు మైల పూలు ఇంటికొద్దంటారు, హన్మకొండ నుంచి పెద్దమ్మ ఫోన్‌లో పారే నీళ్లల్ల వేయమంటుంది. మీరేమీ చెప్పకపోతే చాలాచోట్ల సిబ్బందే చెత్తలో వేసేస్తారు.

అందుకే ముందు రోజే ఈ పని ఒకరికి అప్పగించండి. కొడుక్కో కోడలికో కాదు, కారున్న ఒక ఫ్రెండ్‌కి. వాళ్లు చేయాల్సిన మొదటి పని, ప్రతి బుట్టనూ దానికి గుచ్చిన చిన్న కార్డుతో సహా ఫొటో తీయడం. ఎవరు పంపారో తర్వాత తెలిసేది ఆ కార్డు వల్లనే, థ్యాంక్స్ చెప్పడం ఇక్కడి మర్యాద, మనకూ మంచిదే.

ఇక మైల విషయం. శరీరాన్ని తాకిన పూలు, దండలు శరీరంతోనే పోనివ్వండి, అందులో రెండో మాట లేదు. విడి పూలకు క్రిమేషన్ చేసేవాళ్లు సాధారణంగా అభ్యంతరం చెప్పరు గానీ తీగ, ప్లాస్టిక్, థర్మకోల్ ఉంటే తీసేయమంటారు, అందుకని దండ కొనేటప్పుడే నూలు దారంతో కట్టింది అడగండి. గోడవారగా పెట్టిన బుట్టల్ని మాత్రం నేను మైల అనుకోను. అవి మీ దుఃఖం చూసి మనుషులు పంపినవి. ఇంటికి తెచ్చుకోవడానికి మనసొప్పకపోతే తేకండి, కానీ పారేయకుండా వృద్ధాశ్రమానికి ఫోన్ చేసి అడగండి, చాలామంది సంతోషంగా తీసుకుంటారు. హాస్పిటల్‌కైతే అడగకుండా పట్టుకెళ్లకండి, ఐసీయూల్లోకి మామూలుగా పూలు రానివ్వరు. కుండీలో వచ్చిన మొక్కను ఇష్టమైన పక్కింటివాళ్లకు ఇవ్వండి. ఇంకో ముఖ్యమైన మాట, లిల్లీలు ఇచ్చే ముందు ఆ ఇంట్లో పిల్లి ఉందా అని తప్పకుండా అడగండి. అసలైన లిల్లీల పుప్పొడి ఒంటికి అంటుకుని పిల్లి నాక్కున్నా చాలు, కిడ్నీలు పాడై చచ్చిపోవచ్చు.

పెద్దమ్మ చెప్పిన పారే నీళ్ల సంగతికి వస్తాను. పద్మాక్షి గుండంలో, భద్రకాళి చెరువులో బతుకమ్మల్ని వేసి పెరిగినవాళ్లం, పూలంటే నీళ్లే గుర్తొస్తాయి మనకు. కానీ ఇక్కడి పూలచక్రం ఒకసారి విప్పి చూడండి. పూలు లాగేస్తే లోపల ఆకుపచ్చ ఇటుక లాంటిది ఒకటి నీళ్లు పీల్చుకుని బరువుగా ఉంటుంది, వేలితో నొక్కితే గుంట పడి పొడిపొడిగా రాలుతుంది, ఆ పొడి చేతికి అంటుకుని ఓ పట్టాన వదలదు. అది ప్లాస్టిక్. మట్టిలో కలవదు, నీళ్లలో పడితే చిన్న ముక్కలై చేపల కడుపులోకి పోతుంది. దాని చుట్టూ తీగ, రిబ్బన్, పిన్నులు. దీన్ని నదిలో వేస్తే అది నిమజ్జనం కాదు. అస్థికలు ఇక్కడే సముద్రంలో కలిపేవాళ్లకైతే రూల్ స్పష్టంగా ఉంది, తీరం నుంచి కనీసం 3 నాటికల్ మైళ్లు దాటి వెళ్లాలి, పూలు నీళ్లలో కుళ్లిపోయేవే అయి ఉండాలి, ప్లాస్టిక్ పూలు వేయకూడదు, 30 రోజుల్లోపు ఈపీఏకి, అంటే ఇక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థకు, తెలియజేయాలి. నదులు, చెరువులకైతే మీ రాష్ట్రం రూల్ వేరుగా కనుక్కోండి.

పెద్దవాళ్లు నీళ్లలో వేయమనేది ఎవరి కాలికిందా పడకూడదని. ఆ మర్యాద నిలిపితే చాలు, నీళ్లే కావాలని లేదు. పూలు విడదీసి, ఇటుక, తీగ చెత్తలో వేసి, రేకులు పెరట్లో చెట్టు మొదట్లో గుంట తీసి కప్పండి. దినాల దాకా ఫొటోకు వేసి తీసిన దండలూ అంతే. అపార్ట్‌మెంట్ వాళ్లు కాగితం సంచిలో పోగు చేసుకుని, సిటీవాళ్లు కంపోస్ట్ తీసుకుంటే అందులో వేయండి, లేదంటే ఇల్లున్న ఫ్రెండ్ పెరట్లో కప్పండి. బంగారు అక్షరాల రిబ్బన్ మాత్రం దాచుకోండి, తర్వాత అమ్మలకు అదే కావాలనిపిస్తుంది. నాలుగు గులాబీలు కూడా దాచాలనిపిస్తే కాడలు కట్టి, వెలుతురు పడని గదిలో తలకిందులుగా వేలాడదీయండి, రెండు మూడు వారాల్లో ఎండుతాయి. కొన్న పూల మీద మందులు కొట్టి ఉంటారు, వాటి రేకులు తినేవాటిలో వేయొద్దు.

అస్థికలు కాళేశ్వరం తీసుకెళ్లేవాళ్లు ఇక్కడి పూలు సూట్‌కేసులో పెట్టకండి, మొక్కలకూ పూలకూ క్వారంటైన్ రూల్స్ ఉంటాయి, ఎయిర్‌పోర్టులో లేనిపోని టెన్షన్. గోదావరి, ప్రాణహిత కలిసే చోటికి వెళ్లేటప్పుడు దారిలో బంతిపూలు కొనుక్కోండి. అలాగే నాన్న ఫొటో మీది దండ అక్కడి నుంచి తెచ్చుకుంటే అమెరికాలో దిగగానే కస్టమ్స్ వాళ్లకు చెప్పండి. తనిఖీ చేసి ఇస్తే ఇస్తారు, లేకపోతే తీసేసుకుంటారు, చెప్పకుండా దొరికితే ఫైన్ పడుతుంది.