టెక్ సందేహాలు: వికీపీడియాలో నా దిద్దుబాటు ఎందుకు నిలవలేదు?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు వికీపీడియా గురించినవే. నాలుగింటిలోనూ యూదులకు సంబంధించిన వ్యాసాల ప్రస్తావనే ఉంది కాబట్టి, ఫోన్ బ్యాటరీలు, ప్రింటర్ల సందేహాలను వచ్చే వారానికి ఉంచి, ఈసారి వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. మా జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న యూదు సమాజం ఉంది. అక్కడి పెద్దలతో మాట్లాడి, వారు ఇజ్రాయెల్ నుంచి తప్పిపోయిన ఎఫ్రాయిము గోత్రం వారేనని ఇంగ్లీషు వికీపీడియాలో రాశాను. రెండు గంటల్లో తీసేశారు. మళ్లీ మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ తీసేశారు. చర్చా పేజీలో ఒకాయన ‘మీరు ఆ వర్గం వారే, మీ మాట చెల్లదు’ అన్నారు. నిజానికి నేను ఆ సమాజానికి చెందినదాన్ని కాను. కోపం వచ్చి ఆయన్ను యూదు ద్వేషి అన్నాను. ఇప్పుడు నా చర్చా పేజీలో హెచ్చరిక కనిపిస్తోంది. నా ఖాతా పోతుందా?

జవాబు: పోదు. అయితే ఆ వ్యాసాన్ని ఇప్పటికిప్పుడు మళ్లీ ముట్టుకోకండి. ఒకే పేజీలో 24 గంటల లోపు మూడుసార్లకు మించి ఇతరుల దిద్దుబాట్లను తిరగ్గొడితే ఖాతాపై నిరోధం పడవచ్చు. మూడు దాటలేదు కదా అన్న ధీమా కూడా పనికిరాదు, ఎందుకంటే చర్చ లేకుండా పదేపదే వెనక్కి మార్చడాన్నే అక్కడ దిద్దుబాటు యుద్ధం అంటారు, దానికి లెక్కతో పనిలేదు. హెచ్చరిక అంటే శిక్ష కాదు, నియమం ఉందని మీకు తెలియజేశామన్న నమోదు మాత్రమే.

ఇక మీ వాక్యం సంగతి. ‘వారు ఎఫ్రాయిము గోత్రం వారు’ అనడానికీ, ‘తాము ఎఫ్రాయిము గోత్రం వారమని వారు చెబుతారు’ అనడానికీ మధ్య ఉన్న తేడాలోనే మీ వివాదమంతా ఉంది. మొదటిది వికీపీడియా తన నోటితో చెప్పే చారిత్రక నిర్ధారణ అవుతుంది. రెండోది ఒక సమాజం తన గురించి తాను చెప్పుకొనే మాటను ఉన్నదున్నట్టు నమోదు చేయడం. మీరు పెద్దలతో స్వయంగా మాట్లాడి తెలుసుకున్నది ఎంత విలువైనదైనా, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు గనుక వికీపీడియా దాన్ని మౌలిక పరిశోధనగా పరిగణించి తోసిపుచ్చుతుంది. అదృష్టవశాత్తూ ఈ విషయంలో మీకు మూలాలు ఉన్నాయి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు మానవశాస్త్ర పరిశోధకులు ఈ సమాజంతో గడిపి రాసిన పుస్తకాన్ని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 2013లో ప్రచురించింది. మాదిగ నేపథ్యం, అంతకుముందటి క్రైస్తవ జీవితం, యూదు ఆచారాల వైపు రావడం, కులానికీ ఈ గుర్తింపుకూ ఉన్న సంబంధం, వీటన్నింటినీ అందులో చర్చించారు. మీ వాక్యాన్ని ఆ పుస్తకంలోని పేజీ సంఖ్యతో సహా రాస్తే, దాన్ని తీసేయాలనుకున్నవారు కూడా కారణం చెప్పవలసి వస్తుంది. తామూ తప్పిపోయిన ఒక గోత్రం వారమని చెప్పుకొనే మణిపూర్, మిజోరంలలోని బ్నే మెనాషె సమాజానికి 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలలో (యూదు మతగురువులలో) ఒకరి గుర్తింపు లభించింది. ఆ వార్తను చూపించి గుంటూరు సమాజానికి అన్వయించడం కొత్తగా రాసేవారు తరచు చేసే పొరపాటు. ఆ రెండూ వేర్వేరు సమాజాలు.

ఇక్కడ నా మనసులోని మాట ఒకటి చెప్పాలి. ముద్రిత మూలం ఉంటేనే ఒప్పుకుంటామన్న నియమం, తమ చరిత్రను తరతరాలుగా నోటిమాటగానే నిలుపుకొన్నవారికి అన్యాయం చేస్తుందని నేను నిజంగానే భావిస్తాను. దానికి మందు నియమాన్ని దాటడం కాదు, మూలాన్ని తయారుచేయడం. ఆ పెద్దలు ఒప్పుకుంటే వారి మాటలను రికార్డు చేయండి, మీ కళాశాల చరిత్ర శాఖ ద్వారానో ఒక పత్రిక ద్వారానో ప్రచురింపజేయండి. సమాజ మందిరం ఫొటోలను వికీపీడియా వాడుకొనే ఉమ్మడి ఫొటోల భాండాగారం వికీమీడియా కామన్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో చేర్చండి, అక్కడ మౌలికంగా తీసిన ఫొటోలకు అభ్యంతరం లేకపోగా స్వాగతం ఉంటుంది. మనుషులు కనిపించే ఫొటో అయితే వారి అనుమతి తీసుకోవడం మరచిపోకండి.

మిగిలింది ప్రవర్తన. ‘మీరు ఆ వర్గం వారు కాబట్టి మీ మాట చెల్లదు’ అనడం వికీపీడియా లెక్కలో వ్యక్తిగత దాడి. మతం, జాతి, దేశం వంటివి చూపించి ఎదుటివారి వాదనను కొట్టిపారేయడాన్ని నియమాలు స్పష్టంగా వద్దన్నాయి. మీరు ఆ సమాజానికి చెందినవారే అయినా మీ మాట చెల్లకుండా పోదు, ఎందుకంటే అక్కడ చెల్లవలసింది మీ మాట కాదు, మీరు చూపే మూలం. అయితే ఆధారం చూపకుండా ఎదుటివారిని యూదు ద్వేషి అనడం కూడా అదే నియమం కిందికి వస్తుంది. యూదు ద్వేషం నిజంగా కనిపించే చోట్లలో వికీపీడియా కూడా ఒకటి గనుక, ఆ మాటను కోపంలో వాడేస్తే, అసలైన ఫిర్యాదుకు ఉండవలసిన బరువు తగ్గిపోతుంది.

మీ వ్యాఖ్యకు ఎవరైనా ఇప్పటికే జవాబు ఇచ్చి ఉంటే దాన్ని చెరిపేయకండి, ఆ మాటలపై కొట్టివేత గీత పెట్టి, కింద ఒక్క వాక్యంలో క్షమాపణ చెప్పండి. ఆ తర్వాత ‘మీ మాట చెల్లదు’ అన్న ఆయన వాడుకరి చర్చా పేజీకి వెళ్లి, ఆయన వ్యాఖ్య ఉన్న తేడా లంకెను (పేజీ చరిత్రలో ఆ ఒక్క మార్పును చూపే లంకెను) ఇచ్చి, అది మీకు ఎందుకు అభ్యంతరకరమో మర్యాదగా రాయండి. మళ్లీ అదే ధోరణి కనిపిస్తే నిర్వాహకుల నోటీసు బోర్డుకు తీసుకెళ్లవచ్చు. అక్కడ తేడా లంకెలు లేని ఫిర్యాదును ఎవరూ పట్టించుకోరు.

ప్రశ్న: డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. తెలుగు వికీపీడియాలో 4,000కు పైగా దిద్దుబాట్లు చేశాను. ఇజ్రాయెల్–పాలస్తీనా ఘర్షణకు సంబంధించిన ఒక ఇంగ్లీషు వ్యాసంలో తేదీ తప్పుగా ఉంటే సరిచేద్దామనుకున్నాను, నీలిరంగు తాళం అడ్డొచ్చింది. బ్రౌజరు మార్చినా, కుకీలు తుడిచినా లాభం లేదు. మా వాట్సాప్ గ్రూపులో 40 మందిమి ఉన్నాం, అందరం వెళ్లి చర్చా పేజీలో రాస్తే మారుస్తారా?

జవాబు: మీ బ్రౌజరులో లోపమేమీ లేదు. ఆ తాళం ఉన్న పేజీని మార్చాలంటే ఖాతాకు కనీసం 30 రోజుల వయసు, ఆ వికీపీడియాలోనే 500 దిద్దుబాట్లు ఉండాలి. తెలుగులో మీరు చేసిన 4,000 దిద్దుబాట్లు ఇంగ్లీషులో లెక్కకు రావు, ఒక్కో భాషకు లెక్క విడిగా ఉంటుంది. ఈ హద్దు దాటడం కోసం కామాలు పెట్టి తీయడం వంటి పనులతో అంకె పెంచుకుంటే, వచ్చిన హక్కును నిర్వాహకులు తిరిగి తీసుకుంటారు.

ఇంత కట్టడి ఒక్కరోజులో వచ్చింది కాదు. ఈ ఘర్షణకు సంబంధించిన వ్యాసాలపై ఇంగ్లీషు వికీపీడియా మధ్యవర్తిత్వ సంఘం, అంటే స్వచ్ఛంద సంపాదకులే ఎన్నుకొనే తుది తీర్పరుల బృందం, మొదటిసారి 2008లో విచారణ జరిపింది. ఆ పరంపరలో ఐదో కేసు 2025 జనవరిలో ముగిసింది. పలువురు అనుభవజ్ఞులను ఈ విషయంపై రాయకుండా నిషేధించారు. నిషేధం దాకా వెళ్లకుండా ఆపగల కొత్త ఆంక్షను కూడా తెచ్చారు. దాని ప్రకారం, ఆంక్ష విధించబడిన వాడుకరి 30 రోజుల వ్యవధిలో వ్యాసాల్లోనూ వాటి చర్చా పేజీల్లోనూ చేసే దిద్దుబాట్లలో మూడో వంతుకు మించి ఈ విషయంపై ఉండకూడదు. ఒకే వివాదం చుట్టూ తిరిగేవారిని మిగతా విజ్ఞాన సర్వస్వం వైపు మళ్లించే ప్రయత్నంగా నాకు ఇది తోచింది, మంచి ఆలోచన అనిపించింది. ఇంకొక సంగతి, ఈ వ్యాసాల్లో ఒక్కో వాడుకరి 24 గంటల్లో ఒక్కసారి మాత్రమే తిరగ్గొట్టవచ్చు.

వాట్సాప్ గ్రూపు ఆలోచనను దయచేసి మానుకోండి. అక్కడ నిర్ణయం తలలు లెక్కపెట్టి జరగదు, ఒకే వైపు మనుషులను బయట నుంచి పోగుచేయడం తీవ్రమైన తప్పిదం. 2008లో ‘కెమెరా’ (CAMERA) అనే ఇజ్రాయెల్ అనుకూల అమెరికా సంస్థ, సంపాదకులను రహస్యంగా సమీకరించిన వ్యవహారం బయటపడినప్పుడు పాల్గొన్నవారిపై చర్యలు తీసుకున్నారు. 2024లో డిస్కార్డ్ అనే చాట్ వేదికపై పాలస్తీనా అనుకూల బృందం ఒకటి అలాంటి సమన్వయం చేసినప్పుడూ చర్య తప్పలేదు. ఏ పక్షమన్నది అక్కడ ప్రశ్న కాదు.

మీరు చేయవలసింది చాలా చిన్న పని. చర్చా పేజీలో దిద్దుబాటు అభ్యర్థన పెట్టండి. ‘ఫలానా వాక్యంలో ఫలానా తేదీని ఇలా మార్చండి, మూలం ఇది’ అని రాస్తే చాలు. అర్హత లేని ఖాతాకు ఈ వ్యాసాల చర్చలో అనుమతి ఉన్నది ఈ ఒక్క పనికే కాబట్టి, అభ్యర్థనకు మీ అభిప్రాయాన్ని జోడించకండి.

ప్రశ్న: ఒక హాలీవుడ్ నటుడి వ్యాసంలో ఆయన ‘యూదు నటుడు’ అని చేర్చాను. ఇంటిపేరును బట్టి ఎవరికైనా తెలుస్తుంది. అయినా తీసేశారు. నిజం రాస్తే తప్పా? — విజయవాడ పాఠకుడు

జవాబు: ఇంటిపేరు మూలం కాదు. జీవించి ఉన్నవారి విషయంలో, మతాన్ని బట్టి వ్యాసాన్ని ఒక వర్గంలో చేర్చాలంటే ఆ వ్యక్తి స్వయంగా బహిరంగంగా చెప్పుకొని ఉండాలి, అది ఆయన ప్రజా జీవితానికి సంబంధించినదై కూడా ఉండాలి. వ్యాసం మొదటి వాక్యంలో మతాన్నో జాతినో చేర్చడం, దానివల్లే ఆయన ప్రసిద్ధుడైతే తప్ప, తగదు. ఎవరు యూదులో జాబితా కట్టి వేలెత్తి చూపడానికి యూరప్‌లో ఎలాంటి చరిత్ర ఉందో మనకు తెలుసు. 2016లో సామాజిక మాధ్యమాల్లో యూదుల పేర్ల చుట్టూ మూడేసి కుండలీకరణాలు (బ్రాకెట్లు) పెట్టి దాడులకు గురి చూపిన ఉదంతం కూడా ఉంది. మీ ఉద్దేశం అది కాకపోవచ్చు, కానీ చదివేవారికి ఉద్దేశం కనిపించదు. ఆయన తన యూదు బాల్యం గురించి ఇంటర్వ్యూలో చెప్పి ఉంటే, దాన్ని తొలి జీవితం విభాగంలో మూలంతో రాయండి, నిలుస్తుంది.

ప్రశ్న: వరంగల్‌లో రిటైరైన చరిత్ర ఉపాధ్యాయుడిని. మనవరాలు నాజీలు యూదులపై జరిపిన మారణకాండ అయిన హోలోకాస్ట్‌పై ప్రాజెక్టు రాస్తూ అంతా వికీపీడియా నుంచే తీసుకుంటోంది. అంతమంది చూస్తుంటారు గనుక తప్పు ఉండదంటోంది. నమ్మవచ్చా? ఒక వాక్యం నిజమో కాదో నాబోటివాడు పరీక్షించే మార్గం ఉందా?

జవాబు: మార్గం ఉంది, పరీక్షించవలసిన అవసరమూ ఉంది. వార్సా నిర్బంధ శిబిరం గురించిన ఇంగ్లీషు వ్యాసంలో, అక్కడి విషవాయు గదుల్లో 2,00,000 మంది పోలండ్ వాసులను, అదీ చాలావరకు యూదులు కానివారిని, చంపారన్న కల్పన సుమారు 15 ఏళ్లు నిలిచింది. ఇజ్రాయెల్ దినపత్రిక హారెట్జ్ 2019లో దీన్ని బయటపెట్టింది. నిజానికి ఆ శిబిరాన్ని నాజీలు 1943లో యూదుల గెట్టో (యూదులను బలవంతంగా నిర్బంధించిన పేట) శిథిలాల్లో కట్టారు. అక్కడి ఖైదీల్లో అత్యధికులు ఇతర దేశాల నుంచి తెచ్చిన యూదులు, వారిలో చివరికి మిగిలిన 348 మందిని వార్సా తిరుగుబాటు సమయంలో, 1944 ఆగస్టు 5న, పోలండ్ రహస్య సైన్యం విడిపించింది. ఆ కల్పన ఒక అంకెను పెంచడంతో ఆగలేదు, అక్కడ నిజంగా బాధపడినవారిని కథ నుంచే పక్కకు నెట్టింది. అంతమంది చూస్తున్నా 15 ఏళ్లు ఎలా నిలిచిందంటే, చూసినవారు వాక్యాన్ని చూశారు, దాని కింద ఉన్న మూలాన్ని తెరిచి చూడలేదు.

2023 ఫిబ్రవరిలో యాన్ గ్రబోవ్‌స్కీ, షీరా క్లైన్ అనే ఇద్దరు చరిత్రకారులు, పోలండ్‌లో యూదుల చరిత్రను ఇంగ్లీషు వికీపీడియాలో కొందరు సంపాదకులు వక్రీకరిస్తున్నారని ఒక పరిశోధన పత్రిక ద్వారా ఆరోపించారు. ఎవరూ అడగకుండానే మధ్యవర్తిత్వ సంఘం తానుగా విచారణ చేపట్టి, అదే ఏడాది మే నెలలో ముగించి, కొందరిని ఆ విషయం నుంచి నిషేధించింది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు పోలండ్ యూదుల వ్యాసాల్లో పరిశోధన పత్రికలు, విద్వత్ గ్రంథాలు, పేరున్న సంస్థల ప్రచురణలు మాత్రమే మూలాలుగా ఉండాలని కోరే నియమం ఇప్పుడు అమల్లో ఉంది. సంఘం ప్రవర్తనపై తీర్పు చెప్పగలదే గాని ఏ చరిత్ర నిజమో చెప్పదు. ఆ పని మూలాలు చదివే సంపాదకులదే, అంటే మీబోటివారిదే.

మీ కంప్యూటరులో చేయవలసింది ఇది. వ్యాసం పైనున్న ‘చరిత్ర’ ట్యాబును నొక్కితే ప్రతి మార్పూ తేదీతో సహా కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లకు ‘హూ రోట్ దట్’ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ ఉంది. దాన్ని పెట్టుకుని ఇంగ్లీషు వ్యాసంలో ఒక వాక్యంపై నొక్కితే, దాన్ని ఎవరు, ఎప్పుడు చేర్చారో చూపుతుంది. ఒకే వాడుకరి ఒకే రోజున మూలం లేకుండా చేర్చిన అంకె అయితే అనుమానించండి. తర్వాత అదే అంకెను ఇజ్రాయెల్‌లోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వషేమ్‌ లోనూ, అమెరికా హోలోకాస్ట్ మ్యూజియం విజ్ఞాన సర్వస్వంలోనూ సరిచూడండి. ‘చర్చ’ ట్యాబును కూడా తెరవండి, వివాదం ఏదైనా ఉంటే ముందుగా అక్కడే బయటపడుతుంది.

తెలుగు వ్యాసమైతే ఒక ప్రత్యేక జాగ్రత్త కావాలి. మన దగ్గర ఇటువంటి వ్యాసాలు చాలావరకు ఇంగ్లీషు నుంచి అనువాదమైనవే. అనువదించిన రోజున ఇంగ్లీషులో ఉన్న తప్పు మనదాంట్లోకి కూడా వచ్చేస్తుంది. తర్వాత అక్కడ దిద్దినా ఇక్కడ దానంతట అది మారదు. తెలుగు వ్యాసం చరిత్రలో అట్టడుగున ఉన్న మొదటి దిద్దుబాటు సారాంశాన్ని చూడండి. అనువాద పరికరంతో చేసినదైతే ఇంగ్లీషు వ్యాసంలోని ఏ కూర్పు నుంచి అనువదించారో లంకె అక్కడే ఉంటుంది. ఆ కూర్పును, నేటి ఇంగ్లీషు కూర్పును పక్కపక్కన తెరిచి మీ మనవరాలితో కలిసి పోల్చి చూడండి. తేడా కనిపిస్తే తెలుగు వ్యాసం చర్చా పేజీలో మూలంతో సహా రాయండి. వారం దాటినా ఎవరూ పలకకపోతే అదే విషయాన్ని తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకొనే పేజీ అయిన రచ్చబండలో పెట్టండి.