స్టిల్ట్‌లో గోడౌన్ ఉంచుకుని సడలింపు అడగొచ్చా?

ప్రశ్న: నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మాది స్టిల్ట్ (కింద పార్కింగ్‌కు వదిలిన అంతస్తు) ప్లస్ మూడంతస్తుల కమర్షియల్ బిల్డింగ్. ప్లాన్‌లో పక్క సెట్‌బ్యాక్ (హద్దుకూ గోడకూ మధ్య వదలాల్సిన ఖాళీ) 3 మీటర్లు, కట్టాక 2.75 తేలింది. స్టిల్ట్‌లో డ్రైవ్‌వే 4.5 మీటర్లకు 3.9 మాత్రమే ఉంది. పైనున్న షాపులవాళ్ల సరుక్కి అక్కడే ఒక గోడౌన్ గది వేశాం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) ఆపేశారు, షోకాజ్ నోటీసు కూడా వచ్చింది. పక్క స్థలం ఆయన తన సందు దారిగా వాడుకోమంటున్నారు. కమిషనర్‌కు అర్జీ పెడితే సడలింపు వస్తుందా?

జవాబు: సెట్‌బ్యాక్‌కు దారి ఉంది. డ్రైవ్‌వేకి కమిషనర్ దగ్గర లేదు. అందుకే రెండూ ఒకే అర్జీలో రాయకండి.

2017 బిల్డింగ్ రూల్స్ (జీవో 119) ప్రకారం, ప్లాన్ తీసుకుని కట్టిన, హైరైజ్ కాని భవనాల్లో ముందు సెట్‌బ్యాక్ తప్ప మిగతా వాటిలో 10 శాతం లోపు తేడాను కాంపౌండ్ చేయొచ్చు, అంటే జరిమానా కట్టించుకుని వదిలేయొచ్చు. మీ తేడా 8.3 శాతం. జరిమానా అతిక్రమించిన ఫ్లోర్ ఏరియాకు, స్థలం రిజిస్ట్రేషన్ విలువ చొప్పున. గోడ పొడవు 20 మీటర్లయితే ఒక్కో అంతస్తుకు 5 చదరపు మీటర్లు, అంటే దాదాపు 6 గజాలు. గజం 30 వేలనుకుంటే అంతస్తుకు లక్షా 80 వేలు. అర్జీ పెట్టేముందు ఈ రూల్‌కు తర్వాత వచ్చిన సవరణలు మీ ఎల్‌టీపీ (ప్లాన్ గీసిన లైసెన్సుడ్ టెక్నికల్ పర్సన్)తో చూపించుకోండి. కొలతలు కూడా ప్లాస్టరింగ్ మీద నుంచి, మూడు చోట్ల తీయించండి. ఒక మూల 2.68 వచ్చిందా, 10 శాతం దాటినట్టే.

పార్కింగ్‌లో గోడౌన్ సంగతి వేరు. అది తేడా కాదు, దుర్వినియోగం. కూల్చేయమనే రూల్ చెబుతుంది. ఆ గది అక్కడుండగా ఏ సడలింపు అడిగినా ఫైలు కదలదు, కదలకూడదు కూడా. ముందు గది తీసేసి, తేదీ పడేలా ఫొటోలు తీయించి, డ్రైవ్‌వే మళ్లీ కొలిపించండి. మీ 60 సెంటీమీటర్లలో ఎక్కువ భాగం ఆ గోడదే అయ్యుండొచ్చు. జనరేటరో, వాచ్‌మన్ గదో అడ్డుంటే వాటినీ జరపండి. అప్పటికీ తక్కువైతే కార్ల గడులు మార్చి గీసి రివైజ్డ్ ప్లాన్ పెట్టడమే నయం.

అదీ కుదరకపోతేనే ప్రభుత్వ సడలింపు. కమిషనర్ నివేదికతో ఫైలు డీటీసీపీ (పట్టణ ప్రణాళిక డైరెక్టరేట్) మీదుగా పురపాలక శాఖకు వెళ్లి, జీవోగా రావాలి. అది హక్కు కాదు, విచక్షణ. స్థలం వంకరగా ఉందనో, రోడ్డు విస్తరణకు కొంత వదిలేశారనో చెబితే వినేవాళ్లుంటారు. అద్దె పోతుందంటే ఎవరూ వినరు.

పక్కాయన నోటిమాటను నమ్ముకోవద్దు. 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలో అది ఉత్త లైసెన్సు, అంటే వాడుకోవడానికి అనుమతి మాత్రమే. సెక్షన్ 60 ప్రకారం మామూలుగా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఆయన స్థలం అమ్మితే కొన్నవాడు దానికి కట్టుబడక్కర్లేదు, సెక్షన్ 59. సర్వే నంబరు, వెడల్పు, పొడవు, స్కెచ్‌తో రిజిస్టర్ చేసిన దారి హక్కు పత్రం రాయించుకోండి. నూరు రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ చేయిస్తే సరిపోదు.

ఇంకోటి, ప్రవేశ ర్యాంపు చూసుకోండి. స్టిల్ట్ నేల రోడ్డుకంటే 45 సెంటీమీటర్లు ఎత్తుంటే, 1:8 వాలుకు 3.6 మీటర్లు కావాలి. చాలామంది ఆ పొడవు కాలువ మీదికి లాగుతారు. కార్పొరేషన్ జేసీబీ వచ్చేది దానికే.

నోటీసుకు మాత్రం అందులోని గడువులోపే రాతపూర్వకంగా జవాబివ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. గది తీసిన ఫొటోలు, కొలతల స్కెచ్, కాంపౌండింగ్ అర్జీ నకలు జతచేయండి. జవాబు లేకపోతే మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం సెక్షన్లు 452, 636 కింద తుది ఉత్తర్వు వచ్చేస్తుంది. ఆ తర్వాత హైకోర్టులో రిట్ వేసినా, అవకాశమిచ్చినా జవాబివ్వలేదన్న మాటే ముందు వినాల్సివస్తుంది. ప్లాన్ సమయంలో కార్పొరేషన్‌కు మార్టిగేజ్ (తాకట్టు) చేసిన భాగం కూడా ఓసీ వచ్చేదాకా విడుదల కాదు. ఈలోపు దాన్ని అమ్ముతామని ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోకండి.