ఒక్కటే రైఫిల్ కొంటానన్న అల్లుడికి, తూటా గురించి

అల్లుడూ,

వేటకి ఏ తూటా వేసే రైఫిల్ కొనాలని నువ్వడిగిన మెసేజ్ చూశాను, ముందు ఆన్సర్ చెప్పేస్తున్నా, .308 విన్‌చెస్టర్ తీసేసుకో (ఈ అంకెలు బుల్లెట్ వెడల్పు, అంగుళాల్లో). ఎందుకన్నది తీరిగ్గా చదువుకో, ఇక్కడ పాలకొల్లులో ముసురు పట్టి కాలవగట్టు మీదకి వాకింగ్‌కి కూడా వెళ్ళే వీల్లేదు, అంచేత ఉత్తరం కాస్త పెద్దదే అవుద్ది.

నువ్వడిగేది టెక్సస్‌లో జింకలు, అడవి పందులు, ఎప్పుడైనా కుదిరితే కొలరాడో వెళ్ళి ఎల్క్ (అక్కడి పెద్ద దుప్పి లాంటిది), అన్నిటికీ ఒకే రైఫిల్. మీ నాన్నేమో ట్వెల్వ్ బోర్, అదే చిన్న చిన్న గుళ్ళు చిమ్మే తుపాకీ, కొనుక్కోమంటున్నాడంట కదా, ఆయనకి తెలిసిందదే మరి, మా నాన్నవాళ్ళు కొల్లేట్లో పరజల్ని కొట్టిన రోజుల్నించీ మనిళ్ళల్లో తుపాకంటే డబల్ బ్యారెలే (ఇప్పుడు అక్కడ పిట్ట మీద చెయ్యేస్తే లోపలేస్తారు, 1999 నించి అది అభయారణ్యం). ఎగిరే పిట్టకి అది బాగుంటుంది గానీ రెండొందల గజాల్లో నిలబడ్డ జింకకి పనికిరాదు.

షాపువాడు .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అంటగడతాన్నాడన్నావు, ఎల్క్ అనగానే వాళ్ళంతా అదే అంటారు. మంచి తూటాయే, కాదన్ను, కానీ టెక్సస్‌లో పంది కోసం అది కొనడం బోదె దాటడానికి లాంచీ కట్టించుకున్నట్టుంటది. దాని తన్ను, అంటే పేల్చగానే రైఫిల్ వెనక్కొచ్చి భుజాన్ని కొట్టే దెబ్బ, .308 కన్నా దరిదాపు ఒకటిన్నర రెట్లు ఉంటది. తన్నితే తన్నిందిలే భుజం నొప్పే కదా అనుకుంటావు, నొప్పి కాదు అసలు ఇబ్బంది, భయం. ఒకసారి షూటింగ్ రేంజ్‌లో చూడు, పక్కనున్న ఫ్రెండ్‌ని నీకు తెలీకుండా తూటాల మధ్యలో మందులేని డమ్మీ తూటా ఒకటి పెట్టమను. అది వచ్చినప్పుడు టక్కుమని పిన్ను చప్పుడే వస్తది, పేలుడుండదు, అప్పుడు నీ బ్యారెల్ కదలకుండా ఉంటే పర్లేదు, చివర కిందకి జారిందా, కళ్ళు మూతపడ్డాయా, అంటే తన్ను రాకముందే నీ ఒళ్ళు దానికి కాచుక్కూచుందన్నమాట. అలాంటోడి చేతిలో మాగ్నమ్ కన్నా భయపడకుండా పేల్చే చిన్న తూటా నయం, పేగుల్లో తగిలిన మాగ్నమ్‌తో ఎల్క్ మైళ్ళు పోద్ది, ఊపిరితిత్తుల్లో పడ్డ .308 తో ఎక్కువ దూరం పోదు.

ఈ .308 తూటా 1952 లో వచ్చింది, రెండేళ్ళకి నాటో సైన్యాలు దాదాపు ఇదే కొలతని 7.62×51 అని పెట్టుకున్నాయి, మన జవాన్లు, పోలీసులు మోసిన ఎస్ఎల్ఆర్ రైఫిల్‌లో వేసేది కూడా అదే. అందుకే మన దేశంలో మామూలు లైసెన్సుకి ఆ సైజు ఇవ్వరు, ఎక్కువమంది .315 తో సరిపెట్టుకుంటారు. అమెరికాలో మాత్రం ఇదే నీకు కలిసొచ్చేది, ఏ పల్లెటూరి హార్డ్‌వేర్ షాపుకెళ్ళినా ఇంకేం లేకపోయినా .308 డబ్బా ఒకటుంటది, ధర కూడా మాగ్నమ్ కన్నా బాగా తక్కువ, అందుకని ప్రాక్టీస్‌కి చెయ్యాడతది. ఏటా ఒక డబ్బాతో సరిపెట్టేవాడికి ఏ తూటా అయినా ఒకటే అనుకో.

.30-06 సంగతి కూడా అడిగావు. అది 1906 నాటిది, ఇంకా గట్టిదే. 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌ని .308 కన్నా సెకనుకి వంద అడుగుల లోపే ఎక్కువ తోస్తది, ఆ తేడా ఎల్క్‌కి తెలీదు, నీ భుజానికి కొంచెం తెలుస్తది. ఎవరిదైనా సెకండ్ హ్యాండ్‌లో మంచిది చవగ్గా దొరికితే కళ్ళుమూసుకుని కొనెయ్, నేనేం అనను. 6.5 క్రీడ్‌మూర్ 2007 లో వచ్చిన కుర్రది, తన్ను బాగా తక్కువ, జింకకి హాయిగా సరిపోద్ది, మా అమ్మాయి కూడా నేర్చుకుంటానంటే మటుకు అదే తీసుకోండి, కాకపోతే ఎల్క్ దగ్గర దూరం తగ్గించుకుని, అది పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగాలి. ఇంకా చిన్న తూటా .243 మాత్రం వద్దు. కొలరాడో రూల్ ప్రకారం ఎల్క్‌కి .24 కాలిబర్ (వెడల్పు), 85 గ్రెయిన్ల బుల్లెట్ ఉంటే చాలు కాబట్టి చట్టానికి సరిపోద్ది, నాకు సరిపోదు.

తూటా పేరు గురించి జనం కొట్టుకుచస్తారు గానీ లోపలికెళ్ళేది బుల్లెట్ కదా, దాని గురించి అడగరు. మామూలు సీసపు బుల్లెట్ మీద పల్చటి రాగి తొడుగుంటది, దగ్గర్లో ఎల్క్ భుజం ఎముక తగిలితే ముక్కలైపోవచ్చు. బాండెడ్ అని ఉంటది డబ్బా మీద, తొడుగూ సీసమూ అతికించేసి ఉంటాయి, అది 165 గ్రెయిన్లది తీసుకో, అంటే దగ్గర దగ్గర పదిన్నర గ్రాములు, జింకకీ పందికీ ఎల్క్‌కీ అదొక్కటే. పూర్తి రాగివైతే 150 చాలు, రేపు ఉద్యోగం మారి కాలిఫోర్నియా వెళ్ళావనుకో అవే వాడాలి, 2019 జూలై నించి అక్కడ వేటలో సీసం బంద్. మొదట రెండు మూడు బ్రాండ్లు పేల్చి చూసి నీ రైఫిల్‌కి నచ్చింది పట్టుకో, తర్వాత మార్చకు, బ్రాండ్ మారితే తగిలే చోటు కూడా మారుద్ది. వంద గజాల్లో రెండంగుళాలు పైన తగిలేట్టు స్కోప్ సెట్ చేస్తే ఇంచుమించు రెండొందల్లో సూటిగా ఉంటది, మూడొందల్లో ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందకి దిగుద్ది. అంతకి మించిన దూరం నీకిప్పుడు అనవసరం.

పేల్చే ముందు ప్రతిసారీ తూటా అడుగున ఇత్తడి మీద ముద్ర, బ్యారెల్ మీద ముద్ర ఒకటేనా కాదా చూడు. పక్కోడి డబ్బాలోంచి ఒకటిచ్చాడని తీసుకోకు. నీకు గ్రీన్‌కార్డ్ వచ్చేసింది కాబట్టి సరే, నీ రూమ్మేట్ ఇంకా హెచ్1బి మీదున్నాడు కదా, హంటింగ్ లైసెన్స్ లేకుండా ఆ రైఫిల్ అతని చేతికివ్వకు, ఫెడరల్ చట్టం అది.

ఇంకోటి, సంక్రాంతికొచ్చేప్పుడు రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగ్ మాత్రం తేకు. అడుగున ఎక్కడో ఒక్క తూటా ఉండిపోయినా ఎయిర్‌పోర్ట్‌లో ఆర్మ్స్ యాక్ట్ కేసు పెడతారు, పండగంతా స్టేషన్ల చుట్టూ తిరగాలి. కొత్త బ్యాగ్ కొనుక్కురా.

మీ మావయ్య