హైస్పీడ్ నెట్ కొన్ని దేశాల్లో అంత తొందరగా ఎలా పాకింది? ఒక కేబుల్ ఆపరేటర్ జవాబు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. దక్షిణ కొరియా లాంటి చోట్ల హైస్పీడ్ బ్రాడ్‌బ్యాండ్ ఇరవై ఏళ్ల కిందటే ఇంటింటికీ ఎలా చేరింది? మన పల్లెలకు ఎందుకింత ఆలస్యమైంది?

నేను పశ్చిమ గోదావరిలో కేబుల్ ఆపరేటర్‌ని. నాన్నగారు 1994లో డిష్ పెట్టి మొదలెట్టిన కేబుల్ టీవీని 2003 నుంచి నేను చూసుకుంటున్నాను. 2017 నుంచి ఫైబర్ నెట్ (గాజు పోగులో వెలుగు మీద వచ్చే నెట్) కూడా ఇస్తున్నాను. ఇన్నేళ్లు స్తంభాలెక్కి తీగ లాగాక నాకు అర్థమైంది ఒకటే: ఇంటి గుమ్మం దాకా తీగ వెళ్లడానికి దారి ఉందా, ఆ దారి ఎవరి చేతిలో ఉంది? మిగతావన్నీ దాని తర్వాతే.

మా వీధి చివర ఒక మామ్మగారు ఉండేవారు. కొడుకు డాలస్‌లో. 2008లో ఆయనే పట్టుబట్టి తల్లికి ఫోను తీగ మీద వచ్చే ఏడీఎస్‌ఎల్ నెట్ పెట్టించారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజి మా ఊరికి నాలుగు కిలోమీటర్లు. ఒక ఆదివారం పొద్దున్నే మామ్మగారు కబురు పెట్టారు.

"ఒరేయ్ అబ్బాయ్, వాడు నాకు బాగానే కనబడుతున్నాడు. వాడికేమో నేను బొమ్మలా బిగుసుకుపోయి కనబడుతున్నానంట. కాస్త చూడరా."

చూశాను. మోడెమ్ బాగానే ఉంది, కెమెరా బాగానే ఉంది. "తప్పు మీ కంప్యూటర్‌ది కాదండి మామ్మగారూ, ఆ తీగ అంతే లాగగలదండి" అన్నాను. ఏడీఎస్‌ఎల్‌లో కిందికి వచ్చే వేగం ఎక్కువ, పైకి వెళ్లే వేగం చాలా తక్కువ. పైగా రాగి తీగ పొడవు పెరిగేకొద్దీ సిగ్నల్ చచ్చిపోతుంది. వానాకాలంలో జాయింట్లలో నీళ్లు దిగితే అదీ ఉండదు. కొడుకు ముఖం తల్లికి వచ్చేది, తల్లి ముఖం కొడుక్కి వెళ్లేది కాదు. ఆవిడ మాత్రం కదలకుండా కూర్చుంటే బాగా కనబడతానేమోనని ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. అది చూసి నాకు మనసు పాడైపోయింది. ఈ పనిలో నేను మొండిగా నిలబడటానికి ఆ ఆదివారమే కారణం.

అప్పటి లెక్కల ప్రకారం అది కూడా బ్రాడ్‌బ్యాండే. మన దేశం 2004 విధానంలో 256 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) వేగం వస్తే చాలు బ్రాడ్‌బ్యాండ్ అంది. 2013లో దాన్ని 512 చేశారు, 2023లో 2 ఎంబీపీఎస్ (అంటే సుమారు 2,000 కేబీపీఎస్) చేశారు. అమెరికాలో 2015లో 25 ఎంబీపీఎస్, 2024లో 100 ఎంబీపీఎస్ అన్నారు. అందుకే "ఏ దేశంలో ఎన్ని కోట్ల బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు" అనే పట్టికలు చూసేటప్పుడు, ఆ మాటకు అక్కడ అర్థం ఏమిటో ముందు చూడండి.

ఇక కొరియా. అక్కడ 1998 జూలైలో త్రూనెట్ అనే కంపెనీ కేబుల్ మోడెమ్ సర్వీసు మొదలెట్టింది. అది సొంతంగా ఊరంతా తవ్వలేదు. కరెంటు సంస్థ కెప్కో అప్పటికే కేబుల్ టీవీ కోసం వేసిన లైన్లను అద్దెకు తీసుకుంది. 1999 ఏప్రిల్‌లో హనారో అనే కొత్త కంపెనీ ఏడీఎస్‌ఎల్ తెచ్చింది. పాత టెలిఫోన్ సంస్థ కొరియా టెలికాం ఇక ఊరుకోలేక అదీ బరిలోకి దిగింది. ఒకే వీధిలో ముగ్గురు పోటీపడితే ఏమవుతుందో కేబుల్ వ్యాపారంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. నెలకు ఇంత అని ఒకే రేటు, ఎంత వాడుకున్నా అంతే.

అక్కడ జనంలో చాలామంది పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉంటారు. బిల్డింగ్ కింద దాకా ఫైబర్ తెచ్చి, అక్కణ్నుంచి పై ఫ్లాట్లకు ఫోను తీగ వాడితే ఆ తీగ కొన్ని పదుల మీటర్లే. మా మామ్మగారిది నాలుగు కిలోమీటర్లు! అదే ఏడీఎస్‌ఎల్, తేడా అంతా దూరంలోనే. ఏ బిల్డింగ్‌లో లోపలి వైరింగ్ ఎంత బాగుందో ప్రభుత్వం 1999 నుంచి గ్రేడు ఇవ్వడం మొదలెట్టింది. గ్రేడు బాగుంటే ఫ్లాటుకు గిరాకీ కాబట్టి బిల్డర్లే తీగలు సరిగ్గా వేయించారు. నాకు ఈ ఆలోచన చాలా నచ్చుతుంది. మన దగ్గర ఈరోజుకీ కొత్త ఇల్లు కట్టేవాళ్లు గోడలో నెట్ కోసం ఒక పైపు వదలరు. గృహప్రవేశమైన వారానికి నన్ను పిలిచి, కిటికీలోంచి తీగ లాగమంటారు.

దారి ఉంటే సరిపోదు, జనానికి అవసరం కూడా ఉండాలి. 1997 ఆర్థిక సంక్షోభంలో ఉద్యోగాలు పోయిన చాలామంది అక్కడ పీసీ బాంగ్‌లు పెట్టుకున్నారు, మన నెట్ సెంటర్ల లాంటివి. 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ ఆట కోసం కుర్రాళ్లు వాటిలోనే గడిపేవారు. అక్కడ వేగం రుచి చూసినవాళ్లు ఇంట్లో కూడా కావాలన్నారు. ప్రభుత్వం గృహిణులకు ప్రత్యేకంగా ఇంటర్నెట్ క్లాసులు పెట్టింది. 2002లో కొరియాలో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు కోటి దాటాయి.

జపాన్‌లో 2001లో సాఫ్ట్‌బ్యాంక్ వాళ్లు యాహూ బీబీ పేరుతో 8 ఎంబీపీఎస్ చవగ్గా ఇచ్చారు. అక్కడి పెద్ద టెలిఫోన్ కంపెనీ తన రాగి తీగలను పోటీదారులకు అద్దెకు ఇవ్వాలన్న నిబంధన ఉండబట్టే అది కుదిరింది. స్టాక్‌హోమ్ నగరం 1994లోనే స్టోకాబ్ అనే సొంత సంస్థ పెట్టి, ఊరంతా ఫైబర్ వేసి, ఎవరికైనా అద్దెకిస్తోంది.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది అమెరికాలోని చాటనూగా కథ. టెన్నెసీ రాష్ట్రంలో మధ్యరకం నగరం. అక్కడి కరెంటు సంస్థ ఈపీబీ నగరానికి చెందినదే. కరెంటు ఎక్కడ పోయిందో వెంటనే తెలుసుకోవడానికి తన స్తంభాల మీద ఫైబర్ వేసుకుంది. కేంద్రం నుంచి 11 కోట్ల డాలర్లకు పైగా గ్రాంటు వచ్చింది. అదే ఫైబర్ మీద 2010 సెప్టెంబరులో తన పరిధిలోని ప్రతి ఇంటికీ 1 జీబీపీఎస్ (1,000 ఎంబీపీఎస్) ఇస్తామని ప్రకటించింది, పల్లెలతో సహా. బాధ ఏంటంటే, రాష్ట్ర చట్టం ప్రకారం ఆ సంస్థ తన కరెంటు పరిధి దాటి నెట్ ఇవ్వకూడదు. 2015లో కేంద్ర నియంత్రణ సంస్థ ఆ అడ్డు తీసేయాలని చూస్తే, 2016లో కోర్టు కుదరదంది. గీతకు ఇవతల ఇంట్లో గిగాబిట్, అవతల ఇంట్లో పాత నెట్.

ఇప్పుడు మన సంగతి. హైదరాబాద్‌లో 2017లోనే యాక్ట్ అనే ప్రైవేటు కంపెనీ వాళ్లు 1 జీబీపీఎస్ ప్లాన్ అమ్మారు. చాలా పల్లెల్లో అప్పటికి అలాంటిదేమీ లేదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ వచ్చినప్పుడు రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదే ఫైబర్ లాగారు. కోనసీమలోని మోరి గ్రామంలో 2016 డిసెంబరులో మొదలైంది. అప్పట్లో నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను ఇచ్చారు. చివరి తీగ ఇంట్లోకి వేసే పని మాలాంటి కేబుల్ ఆపరేటర్లది. తెలంగాణలో ఇంకో దారి వెతికారు: మిషన్ భగీరథ మంచినీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ (అక్కడి ప్రభుత్వ ఫైబర్ పథకం) గొట్టాలు వేశారు. ఫైబర్ కంటే తవ్వకానికే ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి రెండూ తెలివైన పనులే.

స్తంభాల మీద తీగ తొందరగా వెళ్తుంది, తొందరగా తెగుతుంది కూడా. కోతల రోజుల్లో గడ్డి లోడుతో ట్రాక్టర్ వెళ్లిందంటే నాకు టెన్షన్. ఒకటి తగులుకుని లాగేస్తే నలభై ఇళ్లకు రెడ్ లైట్. ఉడుతలు కొరుకుతాయి. కరెంటు వాళ్లు కొమ్మలు కొడుతూ తీగ కూడా కొట్టేస్తారు. రాత్రి పదకొండింటికి సెల్ లైటు వెలుగులో, వెంట్రుకంత గాజు పోగును స్ప్లైసింగ్ మెషిన్‌లో అతికించిన రోజులు లెక్కలేనన్ని. అయినా భూమిలోంచి వచ్చేదాకా ఆగుదాం అనుకుంటే 2020 లాక్‌డౌన్‌లో మా ఊరి పిల్లలకు పాఠాలు ఉండేవి కావు. ఆ నాలుగు నెలల్లో నేనిచ్చిన కనెక్షన్లు అంతకుముందు రెండేళ్లలో ఇచ్చినవాటికంటే ఎక్కువ. హైదరాబాద్ నుంచి వచ్చేసిన కుర్రాళ్లు "అన్నా, డబ్బు ఎంతైనా పర్లేదు, రేపు పొద్దున మీటింగ్‌కి కావాలి" అని ఇంటి దగ్గర కూర్చునేవారు.

మామ్మగారికి 2018లో ఫైబర్ వేశాను. పైకీ కిందికీ ఒకే వేగం వచ్చే ప్లాన్. ఆవిడ కూర్చున్నచోట కూర్చోకుండా ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్లి కొడుక్కి కరివేపాకు మొక్క చూపించారు.

ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ 2024లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో 260 కోట్ల మంది అప్పటికి అసలు నెట్టే వాడటం లేదు. మీ ఊరు ఆ లెక్కలో ఉందని నేననుకోను, కానీ మీరు రాసిన తీరు చూస్తే లైను సరిగా లేదనిపిస్తోంది. మీ ఊరి ఆపరేటర్‌ని పిలిచి మూడు విషయాలు అడగండి. మీ ఇంటికి దగ్గర్లోని స్ప్లిట్టర్ (ఒక ఫైబర్‌ని చాలా ఇళ్లకు పంచే పెట్టె) ఎక్కడుంది? ఒక్క ఫైబర్‌ని ఎన్ని ఇళ్లకు పంచారు? ఫైబర్‌లోని వెలుగును కొలిచే పవర్ మీటర్ పెడితే మీ ఇంట్లో లైట్ ఎంత వస్తోంది? ఆ మీటర్ మీద మైనస్ 20 డీబీఎం (వెలుగు బలానికి కొలత) దగ్గర ఉంటే బ్రహ్మాండం. మైనస్ 27 చూపిస్తుంటే ఎక్కడో జాయింట్ పాడైంది, లేదా తీగ బాగా వంగింది. ప్లాన్ మార్చుకునే ముందు అది సరిచేయించుకోండి. రీడింగ్ ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.