కాన్పుకి ఆసుపత్రి చూసుకుంటున్న మా చిన్నికి

చిన్నీ,

ఆసుపత్రి గదుల ఫోటోలు పంపి ఏది బాగుందో చెప్పమన్నావు. అన్నీ బాగానే ఉన్నాయి, ఏసీలు కూడా ఉన్నాయి. కానీ నొప్పులు పడే గంటల్లో నువ్వుండేది లేబర్ రూమ్‌లో. అక్కడ నీ పక్కన ఎవరుంటారో ముందు కనుక్కో. తొలి కాన్పుకి పది, పన్నెండు గంటలు పట్టడం మామూలే. డాక్టరమ్మ ఎంత మంచిదైనా అంతసేపు నీ దగ్గర కూర్చోలేదు, ఓపీ ఉంటుంది, ఆపరేషన్లుంటాయి. అందుకే మిడ్‌వైఫ్‌లున్న చోటు చూడమంటున్నా.

మిడ్‌వైఫ్ అంటే మంత్రసాని అనుకుని మీ అత్తమ్మ కంగారు పడకుండా చెప్పు. వీళ్లు నర్సింగ్ చదివి, ఆపైన 18 నెలలు కాన్పుల మీదే శిక్షణ తీసుకున్నవాళ్లు. 2017లో యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి వాళ్ల సాయంతో తెలంగాణ ప్రభుత్వమే కరీంనగర్‌లో ఈ శిక్షణ మొదలుపెట్టింది. సర్కారు ఆసుపత్రుల్లో కూడా ఉన్నారు కాబట్టి ప్రైవేటుకే పోవాలని లేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 80 దాటాయి. అంతమందికీ పెద్దాపరేషన్ అవసరమైందంటే, లేబర్ రూముల్లో పనిచేసిన నేను నమ్మను.

వెళ్లినప్పుడు మొహమాటపడకుండా అడుగు. తొలి కాన్పుల్లో నూటికి ఎన్ని నార్మల్ అవుతాయి? లెక్క చెప్పకుండా "అంతా మీ బాడీని బట్టి అమ్మా" అంటే ఇంకో చోటు చూసుకో. నొప్పుల్లో నడవనిస్తారా, మంచినీళ్లు తాగనిస్తారా, మీ అమ్మనో మీ ఆయననో లోపల ఉండనిస్తారా? కింద కోత అందరికీ పెడతారా, అవసరమైతేనే పెడతారా? బిడ్డ పుట్టగానే నీ గుండెల మీద వేసి, బొడ్డుతాడు కొయ్యడానికి ఒక నిమిషమైనా ఆగుతారా? వీటికి మిడ్‌వైఫ్ విసుక్కోకుండా జవాబు చెప్పిందా లేదా అన్నది కూడా గమనించు. రేపు నొప్పుల్లో ఆవిడ నీతో ఎలా మాట్లాడుతుందో అక్కడే తెలిసిపోతుంది.

అయితే మిడ్‌వైఫ్ చేతిలో కాన్పు అందరికీ కాదు. బీపీ, షుగర్ ఉన్నా, కవలలైనా, మాయ కిందికి ఉన్నా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా డాక్టరే చూడాలి. మిడ్‌వైఫ్ తోడుగా ఉంటుందంతే. ఇప్పుడు నీకు అన్నీ బాగున్నా, రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఫోన్ చేస్తే ఇంటినుంచి రావాలా అని అడుగు. అవసరమైతే రక్తం అక్కడే దొరుకుతుందా అని కూడా. ఇంట్లో కాన్పు వీడియోలు చూసి ఆ ఆలోచన మాత్రం పెట్టుకోకు.

ఇంకొకటి. సీమంతం అయ్యాక పుట్టింటికి వస్తావు కదా, అక్కడ ఒకరు, ఇక్కడ ఒకరు చూస్తే ఇన్నాళ్లూ అలవాటైన మనిషి కాన్పు వేళకి నీ పక్కన ఉండదు. ఎక్కడ కంటావో ఈ నెలలోనే తేల్చుకుని, ఆరో నెల నుంచే అక్కడికి చెకప్‌లకి వెళ్లు.

మీ మామగారు ముహూర్తం పెట్టించి ఆపరేషన్ అంటున్నారట. కారణం లేకుండా 39 వారాలకు ముందే తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది రావచ్చు. ఆయనకి నువ్వు చెప్పలేవులే, ఆదివారం నేను ఫోన్ చేసి మాట్లాడతా. నీ స్కాన్ రిపోర్టులు ఈలోపు వాట్సాప్‌లో పంపు.

మీ పెద్దమ్మ